సిజేరియన్ వార్డులో "పాలు పడలేదు" అంటే ఏం చేయాలి?

నెల్లూరైనా ఒంగోలైనా, కాన్పయిన రెండో రోజుకే బాలింత మంచం దగ్గర వినిపించే మాట "పాలు పడలేదు". చాలాసార్లు జరిగింది పడకపోవడం కాదు, తీయకపోవడం. తాగేకొద్దీ, పిండేకొద్దీ ఊరేవి పాలు. సిజేరియన్ అయితే రొమ్ములు బరువెక్కడానికి మూడు నాలుగు రోజులు పట్టినా కంగారక్కర్లేదు. అందాకా ముర్రుపాలే. మొదటి 24 గంటల్లో బిడ్డకు విడతకు 2 నుంచి 10 మిల్లీలీటర్లు చాలు, అంటే రెండు చిన్న చెంచాలకు మించదు.

తల్లి, బిడ్డ బాగుంటే గంటలోపు రొమ్ముకు పట్టించమని కాన్పుకు ముందే స్టాఫ్ నర్సుకు చెప్పుకోండి. తల్లి పక్కకు తిరిగి పడుకుంటే కుట్ల మీద బరువు పడదు. చనుమొన బిడ్డ పెదవికి తాకించి, ఆవలించినట్టు నోరు తెరిచేదాకా ఆగి, అప్పుడు బిడ్డను దగ్గరికి తీసుకోవాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి మడత పడాలి. మొన ఒక్కటే నోట్లో ఉంటే పాలు రావు, పగుళ్లు మాత్రం వస్తాయి. నొప్పిగా ఉంటే లాగకండి; నోటి మూలలో శుభ్రమైన చిటికెనవేలు పెట్టి పట్టు విడిపించి మళ్లీ పట్టించండి. రోజుకు 8 నుంచి 12 సార్లు, రాత్రిళ్లు కూడా.

బిడ్డ పట్టకపోయినా, ఎస్ఎన్‌సీయూలో (జబ్బుపడ్డ నవజాత శిశువులను చూసే ప్రత్యేక విభాగం) ఉన్నా రెండు మూడు గంటలకోసారి చేత్తో పిండాలి. బొటనవేలు పైన, చూపుడువేలు కింద, మొనకు అంగుళంన్నర వెనక పెట్టి ముందు ఛాతీ వైపు నొక్కి, తర్వాత రెండు వేళ్లూ దగ్గరికి తెచ్చి వదలండి. వేళ్లు చర్మం మీద జారకూడదు. మొదట చుక్కలే వస్తాయి. మరిగించి ఆరబెట్టిన ఉగ్గుగిన్నెలో పట్టండి, ఆ చుక్కలే బిడ్డకు పోయాలి.

తేనె, పంచదార నీళ్లు, గాడిద పాలు వద్దు. రోహిణి కార్తె ఎండల్లోనూ ఆరు నెలలదాకా బిడ్డకు నీళ్లక్కర్లేదు. పథ్యం పేరుతో బాలింతకు మాత్రం నీళ్లు తగ్గించకూడదు.

చాలుతున్నాయో లేదో ఏడుపును బట్టి కాదు, తడి గుడ్డల్ని బట్టి చూడండి: మూడో రోజుకు మూడు, ఐదో రోజు నుంచి కనీసం ఆరు. నల్లటి విరేచనం ఐదో రోజుకు పసుపు రంగుకు మారాలి. బిడ్డ బరువు పుట్టినప్పటికంటే పదో వంతుకు మించి తగ్గినా, పాలకు లేవకపోయినా, తల్లికి జ్వరమొచ్చినా అప్పుడే డ్యూటీ డాక్టరుకు చెప్పాలి. ఆయన డబ్బా పాలు రాస్తే ఎందుకు, ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్నాళ్లు అని అడగండి. పిండడం మాత్రం ఆపొద్దు. కంపెనీల వాళ్లు తల్లులకు శాంపిల్ డబ్బాలు పంచడం డబ్బా పాల అమ్మకాలను నియంత్రించే 1992 చట్టం ప్రకారం నేరం.