రెండు సంఖ్యల మొత్తం, లబ్ధం ఇచ్చి వాటి వర్గాల మొత్తం అడిగితే లెక్క ఎక్కడ తప్పుతుంది?

తిరుపతిలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ట్యూషన్ చెబుతాను. ఈ లెక్క ఎన్నిసార్లు దిద్దానో నాకే గుర్తులేదు. సూత్రం అందరికీ వచ్చు: మొత్తాన్ని వర్గం చేసి, అందులోంచి లబ్ధానికి రెట్టింపు తీసేస్తే వర్గాల మొత్తం వస్తుంది.

సమస్య: జవాబు మరీ పెద్దదిగా వస్తోంది.

మొత్తాన్ని వర్గం చేసి అక్కడే ఆపేశారు. 2, 3 వేసి చూడండి. 5 వర్గం 25, విడిగా చేసి కలిపితే 4, 9 కలిసి 13. తేడా 12, అంటే లబ్ధం 6కి రెట్టింపు. ఇంత చిన్న చెక్ కూడా చేయకుండా పేపర్ ఇచ్చేస్తుంటే నిజంగా బాధేస్తుంది.

సమస్య: వర్గాల మొత్తం మైనస్‌లో వచ్చింది.

ముందు లబ్ధం గుర్తు చూడండి. మొత్తం 3, లబ్ధం -10 అయితే 9లోంచి -20 తీసేయాలి, అంటే 29. సంఖ్యలు 5, -2. మైనస్ మర్చిపోయినవాళ్లకు -11 వస్తుంది.

సమస్య: జవాబు చక్కగా వచ్చింది, కానీ ఆ సంఖ్యలే దొరకడం లేదు.

నన్ను దెబ్బతీసింది ఇదే. ఒకసారి పరీక్షకు నేనే ప్రశ్న తయారుచేశాను: దీర్ఘచతురస్రాకారపు స్థలం పొడవు, వెడల్పు కలిపి 60 అడుగులు, వైశాల్యం 30 అంకణాలు, కర్ణం వర్గం ఎంత? మన తిరుపతి అంకణం 36 చదరపు అడుగులు (నెల్లూరు వాళ్లది 72), కాబట్టి వైశాల్యం 1080. కర్ణం వర్గం అంటే పొడవు, వెడల్పుల వర్గాల మొత్తమే కాబట్టి 3600లోంచి 2160 తీసేస్తే 1440. పిల్లలందరూ అదే రాశారు, నేనూ మార్కులు వేసేశాను. మర్నాడు ఒకమ్మాయి వచ్చి, "సార్, పొడవెంత, వెడల్పెంత? ఎంత ప్రయత్నించినా రావట్లేదు" అంది.

రావు. అలాంటి స్థలమే లేదు. రెండు కొలతలూ కలిపి 60 అయినప్పుడు వైశాల్యం ఎక్కువలో ఎక్కువ 30 ఇంటూ 30, అంటే 900. సరిగ్గా 25 అంకణాలు. అంతకు మించి ఒక్క అడుగు కూడా పట్టదు. సూత్రానికి ఇవేవీ తెలియవు. ఏ అంకెలు ఇచ్చినా తీసివేత చేసి జవాబు చేతిలో పెడుతుంది. అందుకే ఈ తప్పు కంటికి కనబడదు.

పట్టుకునే దారి ఒకటే. మొత్తం వర్గంలోంచి లబ్ధానికి నాలుగు రెట్లు తీసేయండి. వచ్చేది రెండు సంఖ్యల తేడాకు వర్గం, కాబట్టి మైనస్ కాకూడదు. ఇక్కడ 3600లోంచి 4320 పోతే -720. అంటే ప్రశ్నే తప్పు. దాన్ని 24 అంకణాలుగా మార్చాను. 3600లోంచి 3456 పోతే 144, తేడా 12. కొలతలు 36, 24. కర్ణం వర్గం 1872. 1296, 576 కలిపి చూసుకోండి, సరిపోతుంది.

ప్రశ్నలు తయారుచేసే టీచర్లు ముందు సంఖ్యలు అనుకుని, తర్వాత మొత్తం, లబ్ధం రాసుకోండి. ఇంటర్‌లో సంకీర్ణ సంఖ్యలు వచ్చాక మైనస్ వచ్చినా సంఖ్యలు ఉంటాయి, కానీ స్థలం కొలతలకు అవి పనికిరావు.

మిగతావి అరుదు. వర్గాల మొత్తం 52, లబ్ధం 24 ఇచ్చి మొత్తం అడిగితే 10తో పాటు -10 కూడా రాయాలి. అడుగులు, గజాలు కలిపేస్తే మొదటి లైన్‌లోనే తెలిసిపోతుంది.