చేపనూనె పాఠాలు – 3: ద్విబంధాలు, కనరు వాసన

గత పాఠంలో గీసిన రెండు ఒమేగా-3 ఆమ్లాల, అంటే చేపనూనెలోని ఈపీఏ, డీహెచ్ఏ అనే కొవ్వు ఆమ్లాల బొమ్మలను ఎదురుగా పెట్టుకోండి. ఈపీఏలో 20 కార్బన్లు, 5 ద్విబంధాలు (రెండు కార్బన్ల మధ్య జంట బంధాలు) ఉంటాయి. డీహెచ్ఏలో 22 కార్బన్లు, 6 ద్విబంధాలు. చేపనూనె చేసే మేలుకూ, అది త్వరగా చెడిపోవడానికీ ఈ ద్విబంధాలతోనే సంబంధం.

ముందు మేలు సంగతి. ఈ ఆమ్లాలు కాలేయానికి చేరినప్పుడు, కొత్త కొవ్వు తయారీని నడిపించే ఎస్ఆర్ఈబీపీ-1సి అనే ప్రోటీన్ పని మందగిస్తుంది, కొవ్వును కాల్చే జన్యువులు పీపీఏఆర్-ఆల్ఫా అనే మరో ప్రోటీన్ ద్వారా చురుకవుతాయి, ఫలితంగా ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులను రక్తంలోకి మోసే వీఎల్‌డీఎల్ రేణువుల తయారీ తగ్గుతుంది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నవారిలో రోజుకు 4 గ్రాముల వైద్య మోతాదు వాటిని సుమారు 20 నుంచి 30 శాతం తగ్గిస్తుంది. అయితే మామూలు 1000 మిల్లీగ్రాముల గుళికలో తరచుగా ఉండేది 180 ఈపీఏ, 120 డీహెచ్ఏ, అంటే 300 మిల్లీగ్రాములే. సీసా ముందువైపు పెద్ద అంకెను కాదు, వెనుకవైపు చిన్న అక్షరాలను చదవాలని నేను పట్టుబట్టేది అందుకే.

ఇక కనరు. అనంతపురం ఎండల్లో, మూత సరిగా పెట్టని డబ్బా అడుగున మిగిలిన శెనక్కాయ నూనెకు ఆ వాసన పట్టడం మన వంటిళ్లలో ఎరిగినదే. రెండు ద్విబంధాల నడుమ ఇరుక్కున్న కార్బన్ తన హైడ్రోజన్‌ను సులభంగా వదులుకుంటుంది. అక్కడ ఆక్సిజన్ చేరి పెరాక్సైడ్‌గా మారి, పక్క అణువునూ చెడగొడుతుంది. శెనక్కాయ నూనెలోని లినోలిక్ ఆమ్లంలో అలాంటి చోటు ఒక్కటే ఉండగా, ఈపీఏలో 4, డీహెచ్ఏలో 5 ఉంటాయి. అందుకే ఈ చెడిపోవడాన్ని నెమ్మదింపజేసే విటమిన్ ఇని తయారీదారులు కలుపుతారు.

అలాగని తాజా చేపనూనె ఒంట్లో ఆక్సీకరణ ఒత్తిడిని తప్పక పెంచుతుందని తేల్చేయకూడదు. మూత్రంలో ఆ ఒత్తిడికి గుర్తులైన ఎఫ్2-ఐసోప్రోస్టేన్లను కొలిచిన కొన్ని మానవ ప్రయోగాల్లో అవి తగ్గాయి కూడా. నా దృష్టిలో అసలు చిక్కు సీసాలోనే చెడిపోయిన నూనెతో.

అభ్యాసం: ఒక గుళికను సూదితో పొడిచి, నూనెను స్టీలు చెంచాలో పిండి వాసన చూడండి. లేత చేప వాసన సహజం; పాత రంగు డబ్బా తెరిచినట్టు ఘాటుగా ఉంటే ఆ సీసా పారేయండి. నిమ్మ వాసన కలిపిన గుళికల్లో ఈ పరీక్ష నిలవదు, కాబట్టి నూనెలో పెరాక్సైడ్లు ఎంత పేరుకున్నాయో చెప్పే పెరాక్సైడ్ విలువ 5 దాటలేదని తయారీదారు చూపుతున్నారేమో వెతకండి. రక్తం పలుచబరిచే మందులు వాడేవారు మోతాదు పెంచే ముందు వైద్యుణ్ణి అడగాలి. తర్వాత మీ సీసా వెనుక అంకెలతో ఈపీఏ, డీహెచ్ఏ కలిపి 3 గ్రాములకు ఎన్ని గుళికలు కావాలో లెక్కగట్టండి. పై ఉదాహరణలో 10 వస్తుంది. వచ్చే పాఠంలో ఆ లెక్కను రక్త పరీక్ష కాగితంతో కలిపి చదువుదాం.