పోర్ట్రెయిట్ పాఠాలు – 3: స్టూడియోలో కూర్చున్నాక

కిందటి పాఠం బట్టల గురించి. సన్న చారల చొక్కా ఎందుకు పక్కన పెట్టాలో అందులో చూశాం: డిజిటల్ కెమెరాలో ఆ చారల మీద లేని అలలు పుట్టుకొస్తాయి. ఈసారి స్టూడియోలోకి వెళ్దాం.

స్టూలు మీద కూర్చోబెట్టాక కాసేపు మిమ్మల్ని ఎవరూ పట్టించుకోరు. ఫొటోగ్రాఫర్ ఫ్లాష్‌లు వెలిగిస్తూ, స్క్రీన్ చూసుకుంటూ, లైట్లను అటూ ఇటూ జరుపుతుంటారు. మొదటి ఫొటోలన్నీ వెలుతురు సరిచూసుకోవడానికే. ముఖ్యమైన లైటు సాధారణంగా ముఖానికి ఒక పక్కన, కళ్ల కంటే కాస్త ఎత్తులో ఉంటుంది. దాని ముందున్న పెద్ద తెల్లటి గుడ్డ డబ్బా సాఫ్ట్‌బాక్స్. వెలుతురును మెత్తబరచడం దాని పని. రెండో పక్క నీడ మరీ నల్లగా ఉంటే తెల్లటి రిఫ్లెక్టర్ పెడతారు. ఇదంతా సర్దుకునేదాకా మీరు నవ్వక్కర్లేదు. ఇప్పుడే నవ్వు ఖర్చు చేసేస్తే అసలు సమయానికి దవడలు నొప్పెడతాయి.

ఫొటోగ్రాఫర్ మీకు దాదాపు రెండు మీటర్ల దూరంలో నిలబడతారు. చేతిలో తరచుగా 85 మి.మీ. లెన్స్ ఉంటుంది, అంత దూరం నుంచే ముఖాన్ని నిండుగా పట్టే లెన్స్ అది. సెల్ఫీలో ఫోను చేయి చాచినంత దూరంలోనే ఉంటుంది కాబట్టి చెవుల కంటే ముక్కు దానికి బాగా దగ్గరవుతుంది, అందుకే పెద్దదిగా పడుతుంది. దూరం పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గిపోతుంది. ముక్కు గురించి బెంగ ఉన్నవాళ్లకు సగం టెన్షన్ ఇక్కడే పోవాలి.

ఇక ఈ పాఠంలో అసలు విషయం గడ్డం. కెమెరా ఎదురుగా కనిపించగానే చాలామంది తల వెనక్కి లాక్కుంటారు. దాంతో మెడ దగ్గర చర్మం ముడతపడి, లేని రెండో గడ్డం వస్తుంది. దీనికి విరుగుడు రెండు కదలికలు. ముందు ముఖాన్ని కెమెరా వైపు చాచాలి, మెడ మాత్రమే కదలాలి, నడుము కాదు. తర్వాత గడ్డాన్ని కొద్దిగా దించాలి. ఈ వరస తిరగబడితే ఫలితం ఉండదు. పక్కనుంచి చూసేవాళ్లకు మీరు తాబేలులా కనిపిస్తారు, అయినా ఫర్వాలేదు, కెమెరా ఎదురుగా ఉంది. ముందునుంచి దవడ గీత స్పష్టంగా పడుతుంది. ‘ఇంకొంచెం ముందుకు’ అని ఫొటోగ్రాఫర్ అంటే, మీకు అతిగా అనిపించేదాకా వెళ్లండి. ఆ అతి ఫొటోలో కనిపించదు.

నిలబడి దిగేటప్పుడు భుజాలు కాస్త పక్కకు తిప్పి, బరువు వెనక కాలి మీద వేస్తే సరిపోతుంది.

నవ్వు దగ్గర చిక్కు వేరే. మనస్ఫూర్తిగా నవ్వినప్పుడు పెదవులతో పాటు కళ్ల చుట్టూ ఉన్న కండరం కూడా కదులుతుందని ఫ్రెంచి వైద్యుడు డ్యుషెన్ 1862లోనే రాశాడు. పెదవులు చెప్పిన మాట వింటాయి, కళ్లు అంత సులువుగా వినవు. అందుకే అనుభవం ఉన్న ఫొటోగ్రాఫర్ ‘నవ్వండి’ అనే బదులు ఏదో ఒకటి మాట్లాడిస్తూ ఉంటారు. మీకూ ఒక ఉపాయం ఉంది: కళ్లు మూసుకోండి, ఊపిరి వదలండి, క్లిక్ చేసే ముందు తెరవండి. తెచ్చిపెట్టుకున్న నవ్వు కొన్ని సెకన్లకే బిగుసుకుపోతుంది. దాన్ని మోయకుండా వదిలేసి మళ్లీ మొదలుపెట్టండి.

కదలడానికి భయపడకండి. వెండిపూత పూసిన రాగి రేకు మీద తీసే డాగెరోటైపు ఫొటోల తొలి రోజుల్లో, 1840ల ప్రాంతంలో, కూర్చున్నవాళ్ల తల కదలకుండా వెనక ఇనుప పట్టీ పెట్టేవారు, ఫొటోకు అంతసేపు పట్టేది మరి. ఇప్పటి ఫ్లాష్ రెప్పపాటు కంటే ముందే వెలిగి ఆరిపోతుంది. కళ్లజోడులో లైటు మెరిస్తే, కాడలను చెవుల మీద కొంచెం పైకెత్తితే అద్దాలు కిందికి వంగి మెరుపు పోతుంది.

కాసేపయ్యాక స్క్రీన్ చూపించమని అడగండి. అడగడానికి మొహమాటపడేవాళ్లే తర్వాత ఎక్కువ బాధపడతారు. చూడగానే ‘ఇది నేనేనా’ అనిపించవచ్చు. రోజూ అద్దంలో చూసుకునేది కుడి ఎడమలు తారుమారైన ముఖం, పాపిడి కూడా అటు పక్కే. కాబట్టి ఆ మొదటి అయిష్టాన్ని పట్టించుకోకుండా దవడ, భుజాలు, కళ్లు మాత్రమే చూసి ఏది మార్చాలో చెప్పండి.

రీటచింగ్‌లో మొటిమలాంటివి తీసేస్తారు, పుట్టుమచ్చ సాధారణంగా ఉంచేస్తారు. మీ ఇష్టం వేరైతే ముందే చెప్పాలి. పూర్తిచేసిన ఫొటోలు ఎన్ని ఇస్తారో కూడా ముందే మాట్లాడుకోండి.

అభ్యాసం: ఫోనును కళ్ల ఎత్తులో, రెండు మీటర్ల దూరంలో ఆనించి టైమర్ పెట్టండి. తల వెనక్కి లాగి ఒకటి, మామూలుగా ఒకటి, గడ్డం ముందుకు చాచి దించి ఒకటి తీసుకోండి. మూడింటినీ భుజాల దాకా కత్తిరించి పక్కపక్కన పెట్టి చూడండి. వాటిని చెరిపేయకండి, ఫొటోలు ఎంచుకోవడం గురించిన నాలుగో పాఠంలో అవే కావాలి.