జోకు పేలలేదా? జనం ఏ మాటన్నారో వినండి

జోకు పేలనప్పుడు చాలామంది అదే జోకును ఇంకాస్త గట్టిగా మళ్ళీ చెబుతారు. దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఎదుటివాళ్ళ నోట ఏ మాట వచ్చిందో వింటే లోపం ఎక్కడుందో ఇట్టే తెలిసిపోతుంది. మన జనం ఊరికే 'బాగోలేదు' అని వదిలేయరు. ఒకదాన్ని కుళ్ళు జోకు అంటారు, ఒకదాన్ని సుత్తి అంటారు, ఒకటి తుస్సుమంది అంటారు, ఇంకొకటి వింటే 'ఏంటా వెటకారం' అంటారు. ఒక్కో మాట ఒక్కో లోపాన్ని వేలుపెట్టి చూపిస్తుంది.

మాది మండపేట దగ్గర పల్లె, ఉంటున్నది కూకట్‌పల్లిలో. పెళ్ళిళ్ళలో, వినాయక చవితి పందిళ్ళలో మైకు పట్టుకోవడం నా పని. ఈ మాటలన్నీ ముందు వరుసలో కూర్చున్నవాళ్ళ నోట విని నేర్చుకున్నవే. కొత్తగా స్టేజీ ఎక్కేవాళ్ళకీ, ఆఫీసు పార్టీలో ఏదో ఒకటి చెప్పక తప్పనివాళ్ళకీ పనికొస్తాయని రాస్తున్నాను.

ముందు కుళ్ళు జోకు సంగతి. కాలేజీ పిల్లలు పీజే అనేది దీన్నే. పేరు చూసి భయపడొద్దు, మనవాళ్ళు ముద్దుగా తిట్టే జోకు ఇది.

'అన్నంలో కలుపుకోలేని రసం ఏది?'
'ఏది?'
'నీరసం.'

ఇది విని ఎవరూ పకపకా నవ్వరు. 'అబ్బా!' అని తల పట్టుకుంటారు, 'చంపేశావు కదరా' అంటారు, పక్కన దిండు ఉంటే విసురుతారు. ఆ 'అబ్బా' వచ్చిందంటే జోకు పేలినట్టే. చెప్పేటప్పుడు ముఖంలో నవ్వు కనపడనివ్వకండి. ప్రశ్న అడిగాక ఎక్కువసేపు ఆగకండి, ఆగేకొద్దీ ఏదో గొప్ప జవాబు వస్తుందని ఆశపెట్టినట్టవుతుంది. జవాబు చెప్పాక 'నీరసంలో రసం ఉంది కదా' అని విప్పి చెప్పకండి. రెండు వరకూ జనం సంతోషంగా భరిస్తారు. మూడోదానికి 'ఇక ఆపు బాబూ' అని నిజంగానే అంటారు. ఈలోపు ఏ పిల్లో లేచి 'కూరలో వేయలేని కారం ఏది? మమకారం!' అంటే, వెంటనే మైకు ఆ పిల్ల చేతికిచ్చేయండి. కుళ్ళు జోకులు పిల్లల నోట ఇంకా బాగుంటాయి.

సుత్తి వేరే జబ్బు. ఇక్కడ జోకు బాగానే ఉంటుంది, అది వచ్చేలోపు వినేవాళ్ళ ఓపిక అయిపోతుంది. ఈ మాట ఈ అర్థంలో ఊరూరా పాకింది 1982లో వచ్చిన జంధ్యాల సినిమా 'నాలుగు స్తంభాలాట'తోనే. అందులో నటించిన వీరభద్రరావుకీ, వేలుకీ సుత్తి అన్నది ఇంటిపేరైపోయింది. మీరు కథ చెబుతుంటే స్నేహితుడెవరైనా పిడికిలి బిగించి గాల్లో మేకు కొడుతున్నట్టు ఆడించాడంటే, అది మీకు అందిన కబురు.

సుత్తి ఎలా ఉంటుందో ఒకటి చూడండి: 'మొన్న మా బాబాయి కొడుకు పెళ్ళికి అన్నవరం వెళ్ళాం కదా, బుధవారం అనుకుంటా, కాదు కాదు గురువారం, రత్నాచల్‌లో వెళ్ళాం, ఆ రోజు అది లేటు, సామర్లకోటలో ఆగితే మా పెదనాన్న టీ తాగుదామని దిగాడు, ఆయనకి షుగర్ కూడా ఉందిలే, ఇంతలో రైలు కదిలిపోయింది, మేం ఫోన్ చేస్తే ముందు తగల్లేదు, తర్వాత తగిలింది, ఏం కంగారుపడకండి, టీ బాగుంది అన్నాడు, ఆ తర్వాత వెనక బండికి వచ్చాడనుకో.'

దీన్ని ఇలా కోయాలి: 'పెళ్ళికి వెళ్తుంటే సామర్లకోటలో మా పెదనాన్న టీకని దిగాడు. రైలు వెళ్ళిపోయింది. మేమంతా బెంబేలెత్తి ఫోన్ చేస్తే, ఏం కంగారుపడకండి, టీ బాగుంది అన్నాడు.'

బుధవారమా గురువారమా అన్నది ఎవరికీ అక్కర్లేదు. బాబాయి కొడుకూ అక్కర్లేదు. టీ మాత్రం మొదట్లోనే వినపడాలి, ఎందుకంటే చివరి మాట దాని మీదే నిలబడింది. సామర్లకోట ఉంచాను, ఊరి పేరు వింటే స్టేషన్ కళ్ళ ముందుకొస్తుంది. నవ్వు 'టీ బాగుంది' దగ్గర పుడుతుంది. ఆ తర్వాత 'అన్నాడు' తప్ప ఇంకేమీ ఉండకూడదు. పెదనాన్న వెనక బండికి వచ్చిన సంగతి ఎవరైనా అడిగితే చెప్పొచ్చు. ఏ కథనైనా స్టేజీ ఎక్కేముందు ఇంట్లో ఒకసారి పైకి చెప్పుకుని ఇలాగే కోయండి.

సుత్తి పక్కనే సోది, నస, సొల్లు ఉంటాయి. తలాతోకా లేకుండా సాగేది సోది, చెప్పిందే చెబితే నస, ఖాళీగా కూర్చుని వాగేది సొల్లు. ఈ మూడింటిలో ఏది వినిపించినా కోతలతో బాగుపడదు, మైకు దించేయడమే మంచిది.

పేలడం, పేలకపోవడం, తుస్సుమనడం మూడూ దీపావళి టపాకాయల దగ్గర్నుంచి వచ్చిన మాటలే. జోకు తుస్సుమనడానికి నేను చూసినంతలో పెద్ద కారణం ముందే చాటింపు వేయడం. 'ఇప్పుడొక జోకు చెప్తాను, పడీ పడీ నవ్వుతారు' అన్నారా, జనం చేతులు కట్టుకుని 'ఏదీ, నవ్వించు చూద్దాం' అన్నట్టు కూర్చుంటారు. చెప్పేవాడే ముందు నవ్వేయడం రెండో కారణం. తుస్సుమన్నాక వినపడే మాటల్లోనూ తేడా ఉంది. 'ఇప్పుడు నవ్వాలా?', 'కితకితలు పెట్టు, నవ్వుతాం' అన్నారంటే వాళ్ళు ఇంకా మీ వైపే ఉన్నారు. 'సరే, భోజనాలు మాత్రం బాగున్నాయి కదండీ' అని నవ్వేసి ముందుకెళ్ళిపోండి. ఏ మాటా రాకుండా తలలు ఫోన్లలోకి వంగాయంటేనే టెన్షన్ పడాలి. అప్పుడు ఇంకో జోకు జోలికి వెళ్ళకుండా పాటో, పిల్లల డ్యాన్సో పెట్టించండి.

'పాత చింతకాయ పచ్చడి' అన్నారంటే జోకు అరిగిపోయిందని. ఉదయం వాట్సాప్‌లో వచ్చింది సాయంత్రం స్టేజీ మీద చెబితే వచ్చే మాట ఇదే. పెళ్ళాం గయ్యాళి, మొగుడు అమాయకుడు అనే రకం జోకులన్నీ నా లెక్కలో ఈ జాడీలోవే. ముందు వరుసలో కూర్చున్న ఆడవాళ్ళు అవి చిన్నప్పటి నుంచీ వింటున్నారు. వాటిని మొత్తంగా వదిలేయండి. డబుల్ మీనింగ్, ముతక జోకులు కూడా అంతే. తాతగారు, మనవరాలు పక్కపక్కన కూర్చున్న చోట వాటికి చోటు లేదు.

ట్యూబ్‌లైట్ మాత్రం జోకు తప్పు కాదు, వినేవాడికి ఆలస్యంగా వెలిగింది. అందరూ నవ్వడం అయిపోయాక ఒక్కరు నవ్వితే ఆ నవ్వుకు ఇంకో రౌండు నవ్వు వస్తుంది. వాళ్ళను పేరుపెట్టి పిలవకుండా, ఆ నవ్వు పూర్తయ్యేదాకా ఆగండి, చాలు.

ఇక వెటకారం. మా గోదావరి జిల్లాల వాళ్ళకు ఇది పుట్టుకతో వస్తుందంటారు. దీన్ని జాగ్రత్తగా వాడాలి. పంక్తి లేచిపోయాక భోజనానికి వచ్చిన చుట్టాన్ని గుమ్మంలో చూసి, 'రండి బావగారూ, రేపటి భోజనాలకు మీరే ముందొచ్చారు' అంటారు. 'గారూ' ఉంది, 'రండి' ఉంది, మర్యాదలో వెంట్రుకవాసి తేడా లేదు. ఆ మర్యాదే వెటకారానికి ప్రాణం. దాన్ని తీసేసి 'ఇప్పుడా వచ్చేది?' అంటే ఉత్త దెప్పిపొడుపు. నాట్యశాస్త్రంలో భరతుడు నవ్వును స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని ఆరుగా చెప్పాడు. వెటకారానికి పళ్ళు కనపడని ఆ మొదటి నవ్వు వస్తే చాలు. అంతకు మించి జనం గొల్లుమన్నారంటే బావగారికి తగలరాని చోట తగిలిందేమో చూసుకోండి.

వరస కూడా చూడాలి. బావా బావమరదుల మధ్య, వదినా మరదళ్ళ మధ్య పరాచికాలు చెల్లుతాయి. పెళ్ళిలో మగపెళ్ళివారి మీద ఆడపెళ్ళివారు వేళాకోళాల పాటలు పాడటం ఎప్పటి నుంచో ఉన్నదే. మైకు పట్టుకున్న మనిషికి ఏ వరసా లేదు. కాబట్టి మీరు వేయబోయే ఆట పట్టించే మాటను వరసైన వాళ్ళ చేత అనిపించండి. పెళ్ళికొడుకు మీద మరదలు వేసిన జోకుకూ, నేను వేసిన జోకుకూ హస్తిమశకాంతరం ఉంటుంది.

మనిషి రంగు, లావు, నత్తి, బట్టతల, పేదరికం మీద వేసేది హేళన. దానికీ నవ్వులు వస్తాయి, చాలా గట్టిగా వస్తాయి. నేను మాత్రం ఎంత అడిగినా వేయను. ఆ రోజు ఇంటికి ఏడుస్తూ వెళ్ళే మనిషి ఆ పందిట్లోనే ఉంటారు.

మా పందిట్లో తెలంగాణ కుటుంబాలూ, కోస్తా నుంచి వచ్చిన కుటుంబాలూ కలిసే కూర్చుంటాయి. అక్కడ 'మజాక్ చేస్తున్నవా?' అన్న మాట రెండు రకాలుగా వస్తుంది. నవ్వుతూ సాగదీసి అంటే మీ మాట నచ్చిందని. ముక్తసరిగా, నవ్వు లేకుండా అంటే హద్దు దాటారని. 'పరాష్కాలొద్దు' అన్నప్పుడూ గొంతే వినాలి.

మీ మాటకు ఎవరైనా తిరిగి పంచ్ వేస్తే దాన్ని కౌంటర్ అంటారు. ఇది మనకు కొత్తేమీ కాదు. అష్టావధానంలో ఒక పృచ్ఛకుడి పనే అప్రస్తుత ప్రసంగం. పద్యాల మధ్యలో అడ్డదిడ్డమైన ప్రశ్నలు వేసి అవధాని ఏకాగ్రతను చెదరగొట్టాలని చూస్తాడు, అవధాని అప్పటికప్పుడు చమత్కారంగా బదులిచ్చి మళ్ళీ పద్యంలోకి వెళ్ళిపోతారు. వీలైతే ఒక అవధానానికి వెళ్ళి ఆ ఒక్క అంశాన్ని శ్రద్ధగా వినండి. జవాబు ఒకే వాక్యంలో ఉంటుంది, అడిగినవాడి మాటలోంచే పుడుతుంది. కౌంటర్‌కు కౌంటర్ ఒక్కసారే వేయండి. ఆ తర్వాత కూడా సాగిస్తే ఇద్దరి పోట్లాట చూస్తున్నట్టు జనం ఇబ్బందిపడతారు.

పెళ్ళి సంగీత్ ఒప్పుకున్నప్పుడు ముందు రోజే రెండు వైపుల పెద్దవాళ్ళకూ ఫోన్ చేయండి. ఈ మధ్య ఎవరింట్లో చావు జరిగింది, ఎవరెవరికి మాటల్లేవు, ఎవరి ఉద్యోగం పోయింది, పిల్లల్లేరని ఎవరు బాధపడుతున్నారు, అన్నీ అడగండి. అడిగితే ఎవరూ తప్పుపట్టరు, పైగా సంతోషిస్తారు. ఆ పేర్లు ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టుకుని, స్టేజీ ఎక్కేముందు ఒకసారి చదువుకోండి. ఎంత మంచి పంచ్ తట్టినా సరే, ఆ రోజు ఆ చీటీలో ఉన్నవాళ్ళ జోలికి వెళ్ళకండి.