కల్లు ఎరిగిన నాలుకతో సహజ వైన్ రుచి చూడటం

పొద్దున దించిన ఈతకల్లు మధ్యాహ్నానికి పులిసి, సాయంత్రానికి ముక్కుకు తగిలే ఘాటు ఎలా తెచ్చుకుంటుందో నల్లగొండ పల్లెల్లో పెరిగినవారికి చెప్పనక్కరలేదు. ఎవరూ ఈస్టు కలపరు. లొట్టిలోనే ఉన్న సూక్ష్మజీవులు ఆ పని చేస్తాయి. ఐరోపాలో చిన్న రైతులు సహజ పద్ధతిలో చేసే వైన్ కూడా ద్రాక్షతొక్క మీద, కొట్టంలో ఉండే ఈస్టుతోనే పులుస్తుంది. కాబట్టి మొదటి గుక్కకే తీర్పు చెప్పకుండా, గంటగంటకూ అది ఎలా మారుతుందో గమనించాలి.

ఈ సీసాలు మన ఊళ్లలో దాదాపు దొరకవు. విదేశాల నుంచి వచ్చే బంధువులే తేవాలి. ఐరోపా నిబంధనలు సాధారణ ఎర్ర వైన్‌లో చెడకుండా కాపాడే సల్ఫర్ పదార్థాలైన సల్ఫైట్లను లీటరుకు 150 మిల్లీగ్రాముల దాకా అనుమతిస్తుండగా, ఫ్రాన్స్‌లో 2020లో వచ్చిన ‘వాఁ మెథోడ్ నాతూర్’ అనే సహజ వైన్ గుర్తుకు గరిష్ఠ పరిమితి 30 మాత్రమే. రక్షణ అంత తక్కువ కనుక ఎండకు ఇవి తట్టుకోలేవు. మా మేనల్లుడు తెచ్చిన తొలి సీసాను మే నెలలో బీరువా మీద పెట్టి మరిచిపోయాను. బిరడా పైకి తోసుకొచ్చింది, లోపల ఉడికిన పండు వాసన తప్ప ఏమీ మిగలలేదు.

ఫ్రాన్స్‌లోని బోజొలే ప్రాంతంలో గామే ద్రాక్షతో చేసే ఎర్ర వైన్‌తో మొదలుపెట్టడం సులువు. రసాయనవేత్త జూల్ షోవే సలహాతో మోర్గాన్ ఊళ్లో వైన్ రైతు మార్సెల్ లాపియేర్ సల్ఫర్‌ను దూరం పెట్టిన ప్రాంతమది. ఫ్రిజ్‌లోంచి తీసిన ఇరవై నిమిషాలకు గ్లాసులో పావువంతు పోయండి. గుడ్డు వాసనో, గీసిన అగ్గిపుల్ల వాసనో వస్తే పారబోయకండి; గ్లాసు తిప్పుతూ కాసేపు ఆగితే చాలాసార్లు అదే పోతుంది. అసలు దోషం వేరే ఉంది. మింగిన పది, పదిహేను సెకన్లకు ఎలుకలు తిరిగిన గింజల బస్తా వాసన గొంతులోంచి పైకి వస్తే, ఆ వైన్ చెడినట్టే. వైన్ పులుపు లాలాజలంతో తగ్గినప్పుడే ఆ వాసన విడుదలవుతుంది గనుక గ్లాసును ఎంత వాసన చూసినా అది పట్టుబడదు.

తరువాత తొక్కతో పులియబెట్టిన తెల్లద్రాక్ష వైన్‌కు రండి. ఇటలీలోని ఓస్లావియాలో యోష్కో గ్రావ్నర్ 2001 నుంచి రిబోల్లా ద్రాక్షను, నేలలో పాతిన జార్జియా మట్టిజాడీల్లో తొక్కతో సహా నెలల తరబడి ఉంచి చేస్తున్నారు. దీన్ని మరీ చల్లగా తాగకూడదు. చల్లదనం వాసనను అణచివేసి వగరును పెంచుతుంది. నోట్లో నిలిపి చిగుళ్లకు తగలనిస్తే జామపిందె కొరికినట్టు పట్టేస్తుంది, ఆ వెనక నలిపిన బత్తాయి తొక్క వాసన లేస్తుంది. మటన్ కూర పక్కన ఆ వగరు మెత్తబడుతుంది.

చివరికి ఫ్రాన్స్‌లోని జురా ప్రాంతపు ‘వాఁ జోన్’ అనే పసుపు వైన్‌ను ఉంచుకోండి. సావాన్యా ద్రాక్ష వైన్‌ను పీపాలో తరిగిన మేర మళ్లీ నింపకుండా, పైన ఈస్టు పొర కట్టనిచ్చి, కోత తరువాతి ఆరేళ్లు దాటేదాకా ఉంచి 62 సెంటిలీటర్ల సీసాలో పోస్తారు. దాన్ని పోసుకునే ముందు చిటికెడు మెంతులు వేయించి వాసన చూడండి. ఆ తరువాత గ్లాసు దగ్గరకు పోతే అదే వాసన ఎదురవుతుంది, ఎందుకంటే సోటొలాన్ అనే పదార్థం రెండింటిలోనూ ఉంది. ఈ వైన్ మూత తీశాక వారాలపాటు నిలుస్తుంది గనుక, రోజుకో చిన్న గ్లాసు చాలు.