బెలూన్ పైకెళ్ళాక జీపీఎస్ ఆగిపోతోందా

వెదర్ బెలూన్‌కి యూబ్లాక్స్ కంపెనీ జీపీఎస్ మాడ్యూల్ (నియో-6ఎం, ఎం8 లాంటివి) కట్టి వదిలితే 12 కిలోమీటర్లు దాటగానే లొకేషన్ రావడం ఆగిపోతుంది, చాలామంది మాడ్యూల్ పాడైందనుకుని కొత్తది కొనేస్తుంటారు. అది పాడవలేదు, డిఫాల్ట్‌గా పోర్టబుల్ మోడ్‌లో ఉంటుంది, దాని హద్దే 12 కిలోమీటర్లు.

కంప్యూటర్లో యూబ్లాక్స్ వాళ్ళ యూ-సెంటర్ సాఫ్ట్‌వేర్‌లో కాన్ఫిగరేషన్‌లోకి వెళ్ళి నావ్5 తెరిచి డైనమిక్ మోడల్‌ని 6 (ఎయిర్‌బోర్న్, 1జీ లోపు, అంటే గాల్లో వేగం మెల్లగా మారేవాటికి) పెట్టి సెండ్ కొట్టండి, అప్పుడు 50 కిలోమీటర్ల దాకా పనిచేస్తుంది. కరెంటు పోతే సెట్టింగ్ పోవచ్చు కాబట్టి అదే కమాండ్‌ని ఆర్డ్యూయినో (మాడ్యూల్‌ని నడిపే చిన్న బోర్డు) కోడ్‌లో స్టార్టప్‌లోనే పెట్టేయండి, మాడ్యూల్ నుంచి ఓకే అని జవాబు వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ పంపేలా రాయండి, మధ్యలో రీసెట్ అయినా గొడవుండదు.

ఒక్కటి మాత్రం చూసుకోండి. మిసైళ్ళలో వాడకుండా పెట్టిన పాత కోకామ్ (పాశ్చాత్య దేశాల ఎగుమతి నియంత్రణ కమిటీ) లిమిట్ వేరే, 18 కిలోమీటర్ల ఎత్తు, 1,000 నాట్ల స్పీడు. రెండూ ఒకేసారి దాటితేనే ఆగాలి, బెలూన్‌కి అంత స్పీడెక్కడిది, కానీ కొన్ని కంపెనీల రిసీవర్లు ఏ ఒక్కటి దాటినా ఆగిపోతాయి, వాటికి ఈ సెట్టింగ్ పనికిరాదు, కొనేముందే డేటాషీట్‌లో ఎత్తు లిమిట్ చూడండి.