బండికి పెట్రోల్ చాలక గాలి ఎక్కువైందా? కార్బరేటర్ ట్యూనింగ్ ఇలా చేసుకోండి

"అన్నా, మైలేజ్ రావట్లేదు, కొంచెం ట్యూనింగ్ చూడు." విజయవాడలో, గుంటూరులో ఏ మెకానిక్ షెడ్డు దగ్గర నిలబడినా ఈ మాట వినిపిస్తుంది. ఆయన స్క్రూ డ్రైవర్ తీసుకుని కాస్త తిప్పి ఇచ్చేస్తాడు. మైలేజ్ నిజంగానే ఒకటి రెండు కిలోమీటర్లు పెరగొచ్చు. కానీ కొద్దిరోజులకే బండి పొద్దున్నే మొండికేస్తుంది, బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది, యాక్సిలేటర్ వదిలితే సైలెన్సర్ టప్ టప్‌మంటుంది. ఇంజిన్‌లోకి వెళ్లే గాలికి తగినంత పెట్రోల్ అందడం లేదన్నమాట. దీన్నే లీన్ మిక్చర్ అంటారు. మైలేజ్ పేరుతో బండిని ఇలా నడపడం ఇంజిన్‌కు చాలా చెడు. మంట వేడి పెరిగి వాల్వులు, పిస్టన్ దెబ్బతింటే, మిగిలిన పెట్రోల్ డబ్బులు ఆ రిపేరుకు ఏ మూలకూ చాలవు.

ఇదంతా కార్బరేటర్ (గాలినీ పెట్రోల్‌నీ కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) ఉన్న బండ్ల సంగతి. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక దాదాపు అన్ని కొత్త బైకులూ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారాయి. అంతకుముందు కొన్న స్ప్లెండర్లు, పల్సర్లు, పాత బుల్లెట్లు, ఆర్‌ఎక్స్ 100లు ఇంకా రోడ్ల మీద బోలెడున్నాయి. వాటిలో మిక్చర్ లీన్ కావడానికి ఇప్పుడు ఇంకో కారణం కూడా తోడైంది, పెట్రోల్‌లో కలిపే ఇథనాల్. మామూలు పెట్రోల్ ఒక గ్రాము పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 గ్రాములు చాలు. 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20కి ఆ లెక్క 13.5 దగ్గరికి వస్తుంది. అంటే అదే గాలికి ఇంధనం మరికాస్త ఎక్కువ వెళ్లాలి. ఇంజెక్షన్ బండిలో సెన్సర్ చూసుకుని సర్దుకుంటుంది. కార్బరేటర్‌కి ఆ తెలివి లేదు, దాని రంధ్రం ఎంతుంటే అంతే వదులుతుంది. పాత పెట్రోల్‌తో అంచు మీద నడిచిన బండి ఈ20తో లీన్ వైపు జారిపోవడానికి కారణం ఇదే.

లీన్ అని ఎలా తెలుస్తుంది

అన్నిటికన్నా సులువైనది చోక్ పరీక్ష. బండి బాగా వేడెక్కాక, ఐడ్లింగ్‌లో తడబడుతున్నప్పుడు చోక్ కొద్దిగా లాగండి. బండి కుదుటపడితే దానికి పెట్రోల్ తక్కువైనట్టే. ఇంకా ముక్కుతూ ఆగిపోతే మీ సమస్య లీన్ కాదు, ట్యూనింగ్ స్క్రూ జోలికి వెళ్లకండి.

ఇంకో గుర్తు, యాక్సిలేటర్ ఒకసారి ఇచ్చి వదిలినప్పుడు ఇంజిన్ వేగం వెంటనే దిగకుండా పైనే వేలాడి నెమ్మదిగా దిగడం. కేబుల్ బిగుసుకున్నా ఇలాగే అవుతుంది కాబట్టి ముందు హ్యాండిల్‌ని రెండు వైపులా పూర్తిగా తిప్పి, కేబుల్ ఫ్రీగా ఉందో లేదో చూసుకోండి. మూడోది స్పార్క్ ప్లగ్. కాసేపు మామూలు వేగంతో నడిపాక విప్పితే తెల్లని పింగాణీ మీద లేత గోధుమ రంగు ఉండాలి. సున్నం పూసినట్టు తెల్లగా, పొడిగా ఉంటే లీన్. నల్లగా మసి పట్టి ఉంటే రిచ్, అంటే పెట్రోల్ ఎక్కువైనట్టు. ఐడ్లింగ్‌లో ఊరికే ఉంచిన బండి ప్లగ్ చూసి మాత్రం ఏ నిర్ణయానికీ రాకండి.

ఎండాకాలంలోనే బండి లీన్ అవుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది దానికి రివర్సు. వేడి గాలి పలచన కాబట్టి రోహిణి కార్తెలో మిక్చర్ కాస్త రిచ్ వైపే ఉంటుంది. లీన్ బయటపడేది డిసెంబరు, జనవరి పొద్దుల్లో, చల్లగాలి చిక్కబడినప్పుడు. అలాగే సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌లో ట్యూన్ చేయించిన బండిని విజయవాడకు తెస్తే, ఇక్కడి గాలి చిక్కదనానికి అది కొంచెం లీన్ అవుతుంది. తేడా చిన్నదే, కానీ ముందే అంచున ఉన్న బండికి అది చాలు.

స్క్రూ ముట్టుకునే ముందు

లీన్ అనిపించిన ప్రతి బండికీ కార్బరేటర్ తప్పు ఉండదు. కార్బరేటర్ దాటిన తర్వాత ఎక్కడో దొంగగాలి లోపలికి వెళ్తుంటే, మీరు స్క్రూ ఎంత తిప్పినా అది ఒక రోజు కుదురుతుంది, మర్నాడు మళ్లీ చెడుతుంది. అందుకే ఈ భాగానికి ఎక్కువ సమయం ఇవ్వండి.

కార్బరేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉండే రబ్బరు లేదా మానిఫోల్డ్‌ని వేళ్లతో వంచి చూడండి. నిటారుగా ఉన్నప్పుడు కనిపించని సన్నటి పగుళ్లు వంచితే నోరు తెరుస్తాయి. బోల్టులు వదులుగా ఉన్నాయేమో, లోపలి ఓ-రింగు అణిగి చదునైపోయిందేమో చూడండి. మానిఫోల్డ్‌కి తగిలించిన సన్న వాక్యూమ్ పైపులు కొన్ని బండ్లకు ఉంటాయి, వాటి చివర్లు గట్టిపడి చీలితే అక్కడా గాలి పీలుస్తుంది. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా స్ప్రే సీసాలో సబ్బు నీళ్లు పోసి ఆ అతుకుల మీద కొద్దికొద్దిగా కొట్టండి. ఇంజిన్ శబ్దం మారిందంటే లీకు అక్కడే. కొందరు ఈ పనికి కార్బ్ క్లీనర్ గానీ పెట్రోల్ గానీ చల్లుతారు. కాలే సైలెన్సర్ పక్కన ఆ పని ఎవరూ చేయకూడదు, మంటలు రావడానికి క్షణం పట్టదు.

తర్వాత పెట్రోల్ సరఫరా. బండి నాలుగు కిలోమీటర్లు బాగా నడిచి, ఆ తర్వాత ముక్కడం మొదలుపెడితే ట్యాంకు మూత తెరిచి చూడండి. తెరవగానే బాగైతే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. పెట్రోల్ ట్యాప్ పైపు ఊడదీసి సీసాలో పడితే ధార ఆగకుండా రావాలి. వాక్యూమ్‌తో పనిచేసే ట్యాప్ అయితే ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు ధార రాదు, అది తప్పు కాదు. కార్బరేటర్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, బౌల్‌లో (పెట్రోల్ నిలిచే గిన్నెలో) ఉన్నదంతా గాజు గ్లాసులోకి పట్టండి. వెలుతురులో పెట్టి చూస్తే అడుగున విడిగా దొర్లే బుడగలు కనిపిస్తాయా? అది నీరు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి వానాకాలంలో, నెలల తరబడి కదలని బండ్లలో ఇది మామూలే.

ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా, తన చోట సరిగ్గా కూర్చుని ఉండాలి. మూత సరిగా పడకపోయినా, ఫిల్టర్ తీసేసి నడిపినా బండి లీన్ అవుతుంది. టాపెట్లు (వాల్వులను కదిపే భాగాలు) మరీ బిగుతుగా ఉన్నా ఐడ్లింగ్ ఇలాగే తడబడుతుంది. సైలెన్సర్ ఇంజిన్‌కి కలిసే చోట ప్యాకింగ్ పోతే టప్ టప్ శబ్దం వస్తుంది, దానికీ కార్బరేటర్‌కీ సంబంధం లేదు.

ఏ స్క్రూ, ఎటు తిప్పాలి

కార్బరేటర్ మీద రెండు స్క్రూలు ఉంటాయి. స్ప్రింగుతో, కాస్త పెద్దగా కనిపించేది ఐడ్లింగ్ స్క్రూ. ఇది వేగాన్ని మాత్రమే పెంచుతుంది, తగ్గిస్తుంది. చిన్నగా, లోపలికి దిగి ఉండేది మిక్చర్ స్క్రూ. మనకు కావాల్సింది ఇదే.

ఇందులో రెండు రకాలున్నాయి, రెండూ ఒకదానికొకటి ఎదురు. మిక్చర్ స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిని నడిపే స్క్రూ. లోపలికి బిగిస్తే గాలి తగ్గి రిచ్ అవుతుంది, బయటికి వదిలితే లీన్. పాత ఆర్‌ఎక్స్ 100 లాంటి వాటిలో ఇది ఉంటుంది. అదే స్క్రూ ఇంజిన్ వైపు ఉంటే పెట్రోల్‌ని నడిపేది. దాన్ని బయటికి వదిలితే రిచ్, లోపలికి బిగిస్తే లీన్. డయాఫ్రమ్ ఉన్న సీవీ రకం కార్బరేటర్లలో ఎక్కువగా ఇలాగే ఉంటుంది. ఏ రకమో చూడకుండా "ఎడమకి తిప్పితే సరిపోద్ది" అని ఎవరన్నా చెబితే నమ్మకండి. లీన్ బండిని ఇంకా లీన్ చేసుకుంటారు. బీఎస్-4 కాలపు బండ్లలో ఈ స్క్రూకి మూత వేసి గానీ, మామూలు స్క్రూ డ్రైవర్ పట్టని తలతో గానీ ఇచ్చారు. దాన్ని కటింగ్ ప్లయరుతో పట్టి తిప్పే ప్రయత్నం చేయకుండా, తగిన పనిముట్టు ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లడం మంచిది.

ట్యూనింగ్ చేసే పద్ధతి

ఇంజిన్ ఆపి, మిక్చర్ స్క్రూని నెమ్మదిగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, కాగితం మీద రాసుకోండి. తర్వాత ఎటూ తోచకపోతే వెనక్కి రావడానికి ఆ అంకె ఒక్కటే దారి. అడుగుకి తగలగానే ఆపాలి. అక్కడ బలం పెడితే స్క్రూ సూది మొన గాటు పడి, ఆ తర్వాత ఏ ట్యూనింగూ నిలవదు. అక్కడి నుంచి మీ బండి మాన్యువల్‌లో చెప్పినన్ని చుట్లు వదలండి. మాన్యువల్ లేకపోతే ఒకటిన్నర నుంచి రెండు చుట్ల దగ్గర మొదలుపెట్టండి.

ఇప్పుడు ఒక పది నిమిషాలు నడిపి ఇంజిన్ బాగా వేడెక్కనివ్వండి. చల్లని ఇంజిన్ మీద చేసిన ట్యూనింగ్ దండగ. బండిని ఆరుబయట సెంటర్ స్టాండ్ వేయండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వాసన కూడా రాదు. ఐడ్లింగ్ స్క్రూతో వేగాన్ని మామూలు కన్నా కొంచెం పెంచండి. మిక్చర్ స్క్రూని రిచ్ వైపు పావు చుట్టు తిప్పి, పది సెకన్లు ఆగి వినండి. ఆ ఆగడం ముఖ్యం, ఇంజిన్ వెంటనే స్పందించదు. వేగం పెరిగితే ఇంకో పావు చుట్టు. ఒక చోట పెరగడం ఆగి, అది దాటితే శబ్దం బరువెక్కి వేగం తగ్గడం మొదలవుతుంది. తిరిగి వెనక్కి వచ్చి, ఎక్కువ వేగంతో నిలకడగా నడిచే చోటు పట్టుకోండి. అక్కడి నుంచి చిటికెడు, అంటే అర పావు చుట్టు రిచ్ వైపు జరపండి. ఈ20తో నడిచే బండికి ఆ చిటికెడు అవసరం. చివరగా ఐడ్లింగ్‌ని మాన్యువల్‌లో ఉన్న చోటికి దించండి. చాలా 100, 150 సీసీ బండ్లకి అది 1400 ఆర్‌పీఎం దగ్గర ఉంటుంది.

యాక్సిలేటర్ ఒక్కసారి గట్టిగా ఇచ్చి వదలండి. తడబడకుండా లేచి, వేలాడకుండా దిగితే పని అయినట్టే.

స్క్రూ ఎంత తిప్పినా సరైన చోటు దొరకడం లేదా? పెట్రోల్ స్క్రూ మూడు చుట్లు దాటి వదిలినా ఇంకా లీన్‌గానే ఉంటే, లేదా గాలి స్క్రూ అడుగు నుంచి అర చుట్టు కూడా వదలనంతగా లోపలికి వచ్చేస్తే, లోపలి పైలట్ జెట్ (ఐడ్లింగ్‌కి పెట్రోల్ వదిలే సన్న రంధ్రం ఉన్న ముక్క) మూసుకుపోయింది, లేదంటే దాని సైజు చాలడం లేదు. ముందు మూసుకుపోయిందనే అనుకోండి, ఎక్కువగా అదే. జెట్ విప్పి ఎండకేసి చూస్తే అర మిల్లీమీటరు కన్నా సన్నటి రంధ్రంలోంచి గుండ్రంగా వెలుగు చుక్క కనిపించాలి. అంచు వంకరగా ఉంటే లోపల ఎండిన పెట్రోల్ జిగురు ఉంది. కార్బ్ క్లీనర్‌లో కాసేపు నానబెట్టి, పంక్చర్ షాపులో కంప్రెసర్ గాలి కొట్టించండి. పిన్నీసు, సూది పెట్టి పొడవకండి, రంధ్రం పెద్దదైతే ఆ జెట్ ఇక పనికిరాదు. శుభ్రం చేసినా మారకపోతే ఒక్క సైజు పెద్ద జెట్ వేయాలి. మికుని పైలట్ జెట్లలో సైజులు రెండున్నర చొప్పున పెరుగుతాయి.

నడుస్తుండగా లీన్ అయితే

మిక్చర్ స్క్రూ పని ఐడ్లింగ్ నుంచి పావు యాక్సిలేటర్ వరకే. ఆ పైన పావు నుంచి ముప్పావు దాకా నీడిల్ (యాక్సిలేటర్‌తో పాటు పైకి లేచే సూది), అక్కడి నుంచి పూర్తిగా తెరిచేవరకు మెయిన్ జెట్ చూసుకుంటాయి. హ్యాండిల్ గ్రిప్ మీద, పక్కన కదలని భాగం మీద ఇన్సులేషన్ టేపు ముక్కలు అంటించి పావు, అర, ముప్పావు గుర్తులు పెట్టుకుంటే బండి ఎక్కడ తడబడుతుందో మీకే తెలుస్తుంది.

మధ్యలో తడబడితే నీడిల్ మీది క్లిప్‌ని ఒక గాడి కిందికి మార్చండి. క్లిప్ కిందికి వెళ్తే నీడిల్ పైకి లేచి పెట్రోల్ ఎక్కువ వస్తుంది. కొన్ని నీడిళ్లకు ఒకే గాడి ఉంటుంది, అప్పుడు అర మిల్లీమీటరు వాషర్ వేసి ఎత్తుతారు. మెయిన్ జెట్ సంగతి తేల్చాలంటే ఖాళీ రోడ్డు కావాలి. గుంటూరు వైపు వెళ్లే హైవే మీద తెల్లవారుజామున, హెల్మెట్ పెట్టుకుని, వేగ పరిమితిలోనే, కింది గేరులో పూర్తి యాక్సిలేటర్ ఇచ్చి కొద్దిగా వెనక్కి తీయండి. తీయగానే బండి లాగుడు పెరిగితే మెయిన్ జెట్ దగ్గర లీన్ అని అర్థం. జెట్ కొనడానికి ఆటోనగర్ వెళ్లేటప్పుడు పాతది విప్పి చేతిలో పెట్టుకెళ్లండి. దాని తల మీద సైజు అంకె చెక్కి ఉంటుంది, మర (థ్రెడ్) సైజు కూడా సరిపోల్చుకోవచ్చు.

అంతా అయ్యాక ఒకసారి పొల్యూషన్ చెక్ చేయించండి. 2000 మార్చి 31 తర్వాత, బీఎస్-6కి ముందు తయారైన నాలుగు స్ట్రోకుల బండ్లకి కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 3.5 శాతం. కాగితం మీది అంకె దానికి దగ్గరగా ఉంటే రిచ్ వైపు ఎక్కువ జరిపారని తెలిసిపోతుంది, మళ్లీ పావు చుట్టు వెనక్కి తిప్పి ప్లగ్ చూడండి.